పది మీటర్ల ఎయిర్ రైఫిల్: వాల్తర్ ఎల్‌జీ400 అల్యూటెక్ తీసుకోవాలా, ఫైన్‌వెర్క్‌బావ్ 800ఎక్స్ తీసుకోవాలా? బడ్జెట్ 3.5 లక్షలు, బెంగళూరు

సుధ_మారతహళ్లి

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, బెంగళూరులో స్థిరపడ్డాం. మా పెద్దమ్మాయి తొమ్మిదో తరగతి. స్కూల్లో సరదాగా మొదలుపెట్టిన ఎయిర్ రైఫిల్ ఇప్పుడు దాని లోకం అయిపోయింది. ఇన్నాళ్లూ క్లబ్ రైఫిల్‌తోనే ప్రాక్టీసు చేసింది. ఆ ఒక్క రైఫిల్‌నే రోజూ నలుగురు పిల్లలు వాడతారు. ఒకరు చెంప ఆనించే చీక్ పీస్ ఎత్తుతారు, ఇంకొకరు దించుతారు, మా పాప వంతు వచ్చేసరికి సగం టైమ్ దాన్ని సర్దుకోవడానికే పోతుంది. అయినా మొన్న మ్యాచ్‌లో అరవై షాట్లకి 604 కొట్టింది. ఇక సొంత రైఫిల్ కొనాలని నేనూ మా వారూ నిర్ణయించుకున్నాం.

చిట్టీ డబ్బు, దాచుకున్నదీ కలిపి 3.5 లక్షలు ఉన్నాయి. లోను తీసుకునే ఉద్దేశం లేదు. పైన చెప్పిన రెండు మోడళ్లు చూశాం. డీలర్ చెప్పిన ధర ప్రకారం రెండూ బడ్జెట్‌లోనే వస్తాయి కానీ 800ఎక్స్ తీసుకుంటే చేతిలో దాదాపు ఏమీ మిగలదు. పాప ఐదడుగుల ఎత్తు, సన్నగా ఉంటుంది, కుడిచేతి వాటం. కోచ్ గారిని అడిగితే "రెండూ మంచివే, మీ ఇష్టం" అన్నారు. ఇంత డబ్బు పెట్టాక తప్పు జరిగితే మళ్లీ కొనే స్తోమత లేదు, అదే టెన్షన్. వాడినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

ఎలక్ట్రానిక్_సిటీ_షూటర్

సుధక్కా, కళ్లు మూసుకుని ఎల్‌జీ400 తీసుకోండి. నేను వాడుతున్నది అదే. ట్రిగ్గర్ అంత శుభ్రంగా తెగేది నేను ఇంకెక్కడా చూడలేదు. మొదటి దశ మెత్తగా వెళ్లి ఆగుతుంది, ఆ ఆగిన చోటు వేలికి స్పష్టంగా తెలుస్తుంది, అక్కణ్ణుంచి ఆలోచన వచ్చినంత తేలిగ్గా పేలుతుంది. పెల్లెట్ పెట్టడానికి తెరిచే లివర్ తిప్పడానికి కూడా బలం అక్కర్లేదు. అరవై షాట్లు కొట్టాక భుజం అలసిపోయినప్పుడు ఆ తేడా తెలుస్తుంది. సన్నగా ఉన్న పిల్లకి ఇది చాలా ముఖ్యం.

చెన్నై_శ్రీను

నేను అన్నానగర్‌లో ఉంటాను, మాది చిత్తూరు. ఫైన్‌వెర్క్‌బావ్ 800 వాడుతున్నాను, ముందు వాల్తర్ కూడా వాడాను. తమ్ముడు ట్రిగ్గర్ గురించి చెప్పింది నిజమే, కానీ షాట్ పడేటప్పుడు 800 ఎంత నిశ్చలంగా ఉంటుందో ఒకసారి భుజానికి పెట్టుకుని చూస్తే గానీ తెలియదు. రెండింటిలోనూ కుదుపుని మింగే అబ్జార్బర్ ఉంది, అయినా నా చేతికి 800 ఇంకా సైలెంట్‌గా అనిపిస్తుంది. ఫాలో త్రూలో, అంటే షాట్ పడ్డాక కూడా గురి అలాగే పట్టి ఉంచేటప్పుడు, ముందు సైట్ రింగు నల్లచుక్క మీదనే నిలిచి ఉంటుంది.

ఫైన్‌వెర్క్‌బావ్ వాళ్లు ఈ పనిలో నిన్న మొన్న వచ్చినవాళ్లు కాదు. 1949లో మౌజర్‌లో పనిచేసిన ఇద్దరు ఇంజనీర్లు పెట్టిన సంస్థ, ఓబెర్న్‌డోర్ఫ్ ఊళ్లోనే ఉంది. వాళ్ల 300 సిరీస్ రైఫిళ్లు 1970ల్లో రేంజ్‌లని ఏలాయి. అలాంటివి ఇప్పటికీ కొన్ని క్లబ్బుల్లో గోడకి వేలాడుతూ కనిపిస్తాయి, పేల్చితే పదిలోనే పడతాయి.

ఎలక్ట్రానిక్_సిటీ_షూటర్

వాల్తర్ 1886 నుంచి ఉంది కదా శ్రీను గారూ. వయసు చూసి కొంటే వాల్తరే పెద్దన్న.

కడప_సుబేదార్

సుధమ్మా, నేను ఫౌజులో షూటింగ్ టీమ్‌లో చేసినవాణ్ణి, ఇప్పుడు హెబ్బాళలో ఉంటూ పిల్లలకి నేర్పిస్తున్నాను. వీళ్లిద్దరి మాటా వినండి, ఇద్దరూ నిజమే చెబుతున్నారు. కానీ మీ పాప స్కోరుకి ఆ తేడాలు ఇప్పుడు అక్కరకు రావు. ఎందుకో లెక్క చెబుతాను.

టార్గెట్‌లో పది అనే చుక్క వెడల్పు కేవలం అర మిల్లీమీటరు. మనం కాల్చే చిన్న గుండు, అదే పెల్లెట్, వెడల్పు నాలుగున్నర మిల్లీమీటర్లు. పెల్లెట్ అంచు ఆ చుక్కని తాకితే చాలు 10.0 వస్తుంది. అంటే పెల్లెట్ మధ్యభాగం టార్గెట్ కేంద్రానికి రెండున్నర మిల్లీమీటర్ల లోపు పడాలి. అక్కణ్ణుంచి కేంద్రానికి పావు మిల్లీమీటరు దగ్గరైన కొద్దీ పాయింటులో పదో వంతు (0.1) పెరుగుతుంది. 10.9 దాకా అలా వెళ్లాలి. ఇప్పుడు ఈ రెండు కంపెనీలూ రైఫిల్‌తో పాటు ఫ్యాక్టరీలో క్లాంపులో బిగించి కాల్చిన టెస్ట్ కార్డు ఇస్తాయి. అడిగి చూడండి. కార్డు మీద షాట్లన్నీ ఒకే చిన్న చిరుగులా కలిసిపోయి ఉంటాయి. రెండు కార్డులూ పక్కపక్కన పెడితే ఏది ఏ కంపెనీదో మీరు చెప్పలేరు. రైఫిల్ తన పని చేస్తుంది. మిగిలింది మనిషి.

604 అంటే షాటుకి 10.07 సగటు. 620కి చేరాలంటే సగటు 10.33 కావాలి. అంటే షాటుకి పావు పాయింటు కంటే కాస్త ఎక్కువ. ఆ పావు పాయింటు ఏ బ్రాండు దగ్గరా దొరకదు. పాప నిలబడే తీరు, శ్వాస, చెంప ప్రతిసారీ ఒకే చోట ఆనడం, వీటిలోంచి వస్తుంది. చెంప ఒకే చోట ఆనాలంటే రైఫిల్ ఆమె ఒంటికి కుదరాలి. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఏ రైఫిల్ గొప్పది అని కాదు, ఏది పాపకి కుదురుతుంది, కొన్నాక మిగిలే డబ్బుతో మిగతా కిట్ వస్తుందా అని.

పాప వేసుకునే షూటింగ్ జాకెట్ ఎవరిది? ఇప్పటికీ క్లబ్‌దేనా?

సుధ_మారతహళ్లి

అవునండీ, జాకెట్, ట్రౌజర్ రెండూ క్లబ్‌వే. భుజాల దగ్గర వదులుగా ఉంటాయి. షూస్ మాత్రం సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. జాకెట్ అంత ముఖ్యమా? రైఫిల్ కొన్నాక వచ్చే ఏడాది చూద్దామనుకున్నాం.

కడప_సుబేదార్

నా లెక్కలో జాకెట్ ముందు, రైఫిల్ తర్వాత. నిలబడి కొట్టే ఆటలో వెన్నుకి అండ జాకెట్టే. అందుకే ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) దాని మందం 2.5 మిల్లీమీటర్లు దాటకూడదని, బట్ట మరీ బిరుసుగా ఉండకూడదని రూల్ పెట్టి, మ్యాచ్‌కి ముందు మిషన్ పెట్టి కొలుస్తుంది. బిరుసు కొలిచే ఆ యంత్రం నొక్కితే బట్ట కనీసం 3 మిల్లీమీటర్లు లోపలికి దిగాలి. లేకపోతే జాకెట్ రిజెక్ట్. వదులు జాకెట్‌తో లేన్‌లో నిలబడితే ఎడమ మోచేయి తుంటి ఎముక మీద కూర్చోదు, కాస్త కాస్త జారుతుంది. పాప అది రైఫిల్ తప్పు అనుకుంటుంది. నేను ఇది చాలామంది పిల్లల్లో చూశాను.

ఇంకోటి. ఆడపిల్ల, ఎదిగే వయసు. రెండేళ్లలో జాకెట్ మళ్లీ మార్చాలి. రైఫిల్‌కి ఆ సమస్య లేదు, భుజానికి ఆనే బట్ పొడుగు, చీక్ పీస్ ఎత్తు, బరువులు అన్నీ సర్దుకోవచ్చు. కాబట్టి ఈ బడ్జెట్‌లో జాకెట్, ట్రౌజర్, గ్లవ్ ఖర్చు పక్కన తీసేశాక మిగిలింది రైఫిల్ బడ్జెట్ అనుకోండి.

కొత్త_బుల్లెట్

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నేను కొత్త. దీనికి లైసెన్సు కావాలా? ఇంకా, ఇంత ఖర్చు పెట్టేదేదో సెమీ-ఆటోమేటిక్ రైఫిల్ తీసుకుంటే మంచిది కదా, విదేశీ వీడియోల్లో అందరూ వాటి గురించే మాట్లాడతారు.

పదిమీటర్ల_టీచర్

బాబూ, రెండూ వేర్వేరు. మన 2016 ఆయుధ నియమాల ప్రకారం ఎయిర్ రైఫిల్ బోరు .177 అంగుళం, అంటే 4.5 మిల్లీమీటర్లకి మించకుండా, శక్తి 20 జౌల్స్ దాటకుండా ఉంటే ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. మ్యాచ్ రైఫిళ్లు ఏడున్నర, ఎనిమిది జౌల్స్ దగ్గర ఉంటాయి. కొనేటప్పుడు గుర్తింపు పత్రాలు అడుగుతారు, బిల్లు జాగ్రత్తగా పెట్టుకోవాలి. సెమీ-ఆటోమేటిక్ రైఫిళ్లు మామూలు మనిషికి లైసెన్సు మీద వచ్చే తరగతిలో లేవు. వాటి సంగతి ఇక్కడ అనవసరం.

ఇక ఆట సంగతి. పది మీటర్ల రైఫిల్ సింగిల్ షాట్. ఒక్కో పెల్లెట్ వేలితో పెట్టాలి, లివర్ మూయాలి, మళ్లీ మొదటి నుంచి నిలబడాలి. అరవై షాట్లకి గంటా పదిహేను నిమిషాలు. ఈ ఆటలో పరీక్ష అంతా అక్కడే ఉంది.

విజయవాడ_కిరణ్

సుధ గారూ, మా ఫ్రెండ్ వాళ్ల బాబు షూటింగ్ మానేశాడు. ఎల్‌జీ400 ఉంది, మంచి కండిషన్. కొత్తదాని ధరలో సగానికి కొంచెం ఎక్కువ చెబుతున్నారు. వద్దనుకుంటే పర్లేదు, ఓ మాట చెప్పాలనిపించింది.

సుధ_మారతహళ్లి

కిరణ్ గారూ, థ్యాంక్యూ. సగం ధర అంటే ఆశ పుడుతోంది. మిగతావాళ్లు ఏమంటారు? సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చా?

చెన్నై_శ్రీను

తీసుకోవచ్చు, కానీ ముందు రైఫిల్‌కి గాలి నింపే సిలిండర్ తిప్పి చూడండి. దాని మీద తయారైన నెల, సంవత్సరం చెక్కి ఉంటాయి. చిన్న అంకెలు, ఫోన్ లైటు వేస్తే గానీ కనబడవు. ఉదాహరణకి 05/17 అని ఉంటే 2017 మే అన్నమాట. కంపెనీ ఇచ్చిన గడువు, మామూలుగా తయారైన తేదీ నుంచి పదేళ్లు, దాటితే ఆ సిలిండర్ మ్యాచ్‌లో చెల్లదు. బాధ్యత షూటర్‌దే, చెక్ చేసేవాళ్లు ఆపేస్తే కోచ్ కూడా ఏం చేయలేడు. కొత్త సిలిండర్ విడిగా కొనాలంటే చిన్న ఖర్చు కాదు. అది ధరలోంచి తగ్గించి బేరం ఆడండి.

తర్వాత సిలిండర్ నింపించి, ప్రెషర్ గేజ్ ముల్లు ఎక్కడుందో ఫొటో తీసి, ఒక రాత్రి అలాగే వదిలేయండి. పొద్దున్నకి ముల్లు దిగితే ఎక్కడో సీల్ లీకవుతోంది. సీల్ మార్చడం పెద్ద పని కాదు కానీ ముందే తెలియాలి. ఒరిజినల్ బిల్లు, సీరియల్ నంబరు సరిపోవాలి. అది లేకపోతే నేనైతే ముట్టుకోను.

మాకు చెన్నైలో ఇంకో బాధ ఉంది, తేమ. సముద్రం పక్కన ఊరు. కంప్రెసర్ గాలిలో నీరు ఉంటే అది సిలిండర్లోకి పోతుంది, లోపల తుప్పు మొదలవుతుంది. డ్రైయర్ ఫిల్టర్ ఉన్న చోటే నింపిస్తాను. ప్రాక్టీసు అయ్యాక పైలోహం అంతా నూనె రాసిన మెత్తటి గుడ్డతో తుడుస్తాను. మీరు బెంగళూరులో ఉన్నారు కాబట్టి ఈ విషయంలో అదృష్టవంతులు.

ఉమా_వైట్‌ఫీల్డ్

మా అబ్బాయికి కొన్నప్పటి మాట చెబుతాను. ఒక షాపులో డబ్బు మొత్తం ముందే కట్టించుకున్నారు. షిప్‌మెంట్ వస్తోంది, కస్టమ్స్‌లో ఉంది అంటూ నెలలు గడిపారు. నేషనల్స్‌కి ముందు జరిగే ప్రీ-నేషనల్స్ కూడా క్లబ్ రైఫిల్‌తోనే కొట్టాడు. చివరికి వచ్చిన రైఫిల్‌కి మేం అడిగిన చిన్న గ్రిప్ (చేత్తో పట్టుకునే పిడి) కాకుండా పెద్ద గ్రిప్ ఉంది. మార్చడానికి మళ్లీ డబ్బు అన్నారు. వాడి అరచేతికి అది అస్సలు నప్పలేదు, వేలు ట్రిగ్గర్‌కి కొసతో అందేది. కాబట్టి రైఫిల్ షాపులో కళ్లెదుట ఉంటేనే డబ్బివ్వండి. గ్రిప్ సైజు, కుడిచేతిదా ఎడమచేతిదా, గాలి నింపే అడాప్టర్, టెస్ట్ కార్డు అన్నీ బిల్లులో రాయించుకోండి.

ఎలక్ట్రానిక్_సిటీ_షూటర్

ఉమక్క చెప్పింది బంగారం లాంటి మాట. గ్రిప్ గురించి ఎవరూ మాట్లాడరు. బ్రాండ్ గురించి నేను కూడా ఆవేశపడ్డాను గానీ, చిన్న చేతికి చిన్న గ్రిప్ ఉన్న రైఫిలే కొనండి అక్కా, అది 800 అయినా సరే.

దిగుమతి సంగతి ఎవరైనా చెబుతారా? ఎన్‌ఆర్‌ఏఐ (జాతీయ రైఫిల్ సంఘం) ద్వారా తెప్పించుకుంటే చౌక అంటారు.

పదిమీటర్ల_టీచర్

మంచి స్కోర్లు ఉండి 'రినౌండ్ షాట్' (పేరున్న షూటర్) అనే హోదా వచ్చినవాళ్లకి కస్టమ్స్ సుంకం మినహాయింపుతో దిగుమతి చేసుకునే వీలుంది. దానికి ఎన్‌ఆర్‌ఏఐ సిఫారసు కావాలి. 604 దగ్గర ఉన్న పాపకి ఇప్పుడే ఆ దారి కాదు. ఇంకా ఎక్కాక ఆలోచించండి. ఆ రోజు వస్తే అప్పుడు ఈ రైఫిల్ అమ్మేసి పైమోడల్ తీసుకోవచ్చు. అందుకే మంచి బిల్లు, మంచి సిలిండర్ ఉన్న రైఫిల్‌కి తర్వాత కూడా విలువ ఉంటుంది.

సుధమ్మా, షాపులో ఎలా చూడాలో చెబుతాను. పాపని జాకెట్ వేసుకుని రమ్మనండి, మామూలు టీషర్టులో చూస్తే బట్ పొడుగు తప్పుగా తెలుస్తుంది. నిలబడి, రైఫిల్ భుజానికి పెట్టుకుని, కళ్లు మూసుకోమనండి. చెంప దానంతట అది చీక్ పీస్ మీద వాలనివ్వాలి, మెడ ముందుకి చాపకూడదు. ఒకటి రెండు శ్వాసలు తీసుకున్నాక కళ్లు తెరవమనండి. వెనక సైట్ రంధ్రంలో ముందు రింగు మధ్యలో కనబడాలి. పైకో కిందకో కనబడితే చీక్ పీస్ ఎత్తు మార్చాలి. పక్కకి కనబడితే చీక్ పీస్‌ని పక్కకి జరపాలి. అన్నీ సర్దాక కూడా కుదరకపోతే ఆ స్టాక్, అంటే ఒంటికి ఆనే ఆ భాగం, ఆమెకి కాదు. ఇది రెండు రైఫిళ్లతోనూ చేయండి, ఒక్కోదానికి పావుగంట ఇవ్వండి. ఊరికే ఎత్తి దించితే ఏదైనా బాగానే అనిపిస్తుంది.

తర్వాత పది నిమిషాలు డ్రై ఫైర్, అంటే పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కడం, చేయించండి. రెండు రైఫిళ్లలోనూ గాలి వదలకుండా ట్రిగ్గర్ మాత్రం పేలే ఏర్పాటు ఉంది. క్లిక్‌మన్న క్షణంలో రింగు ఎటు కదిలిందో పాపనే అడగండి. పిల్లలు ఈ విషయంలో అబద్ధం చెప్పరు, వాళ్లకి బ్రాండ్ పేర్లు పట్టవు.

బరువు కూడా గమనించండి. రూల్ ప్రకారం రైఫిల్ 5.5 కిలోలు దాటకూడదు, కానీ ఐదడుగుల సన్నటి పిల్లకి అంత బరువు పెట్టాల్సిన పని లేదు. బరువు కడ్డీలు అన్నీ తీసేసి మొదలుపెట్టండి. నడుము బలం పెరిగే కొద్దీ ఒక్కొక్కటి కలుపుకోవచ్చు.

రాజమండ్రి_ప్రసాద్

పెల్లెట్ల లెక్క ఎవరూ వేయలేదు. వారానికి ఐదు రోజులు, రోజుకి 80 షాట్లు అంటే వారానికి 400. ఏడాదికి దగ్గర దగ్గర 20,000. ఐదు వందల డబ్బాలు నలభై. రైఫిల్ ఒక్కసారి కొంటాం, ఈ డబ్బాలు ప్రతి ఏడాదీ కొనాలి. మంచి మ్యాచ్ పెల్లెట్లకి బదులు చౌకవి వాడితే ప్రాక్టీసులో ఏ షాటు మనదో, ఏది పెల్లెట్‌దో తెలియక పిల్లలు అయోమయపడతారు. మా వాడు ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్ రెండూ ట్రై చేశాడు. తల సైజు 4.49 నుంచి 4.51 దాకా మారుతుంది. ఏ బ్యారెల్‌కి ఏది పడుతుందో కాల్చి చూస్తే గానీ తెలియదు. ఒక్కో రకం డబ్బా తెచ్చి, రైఫిల్‌ని ఆనించి పది పది షాట్లు కొట్టించి గ్రూపింగ్, అంటే అవి ఎంత దగ్గర దగ్గరగా పడ్డాయో, చూడండి. బాగా పడిన బ్యాచ్ నంబరు రాసుకుని అదే బ్యాచ్ నాలుగైదు డబ్బాలు తీసుకోండి, మ్యాచ్‌లకి దాచండి.

డ్రై ఫైర్ ఎంత ఎక్కువ చేయిస్తే అంత పెల్లెట్ ఖర్చు తగ్గుతుంది, పైగా స్టాన్స్ బాగుపడుతుంది. ఇంట్లో గోడకి చిన్న టార్గెట్ అంటించి, రోజూ అరగంట చాలు.

కడప_సుబేదార్

ప్రసాద్ మాటకి కొంచెం కలుపుతాను. ఇంట్లో డ్రై చేసేటప్పుడు సిలిండర్ తీసేసినా రైఫిల్‌ని ఎవరివైపూ చూపించకూడదు. పని అయ్యాక బ్యారెల్‌లో పెల్లెట్ లేదని తెలిపే సేఫ్టీ ఫ్లాగ్ పెట్టి, పెట్టెలో పెట్టి తాళం వేయాలి. పెల్లెట్లు వేరే అలమరలో ఉండాలి. లైసెన్సు లేనంత మాత్రాన అది బొమ్మ కాదు. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఈ విషయంలో రెండో మాట ఉండకూడదు.

సుధ_మారతహళ్లి

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. నిన్న షాపుకి వెళ్లాం, టీచర్ గారు చెప్పినట్టు క్లబ్ జాకెట్ వేయించి చూపించాం.

రెండు రైఫిళ్లూ కుదిరాయి. కళ్లు మూసి తెరిచే పరీక్షలో 800ఎక్స్‌కి చీక్ పీస్ ఒక్కసారి సర్దితే సరిపోయింది, ఎల్‌జీ400కి రెండుసార్లు సర్దాల్సి వచ్చింది. డ్రై ఫైర్‌లో పాప "రెండూ ఒకటే అమ్మా" అంది. అయితే 800ఎక్స్‌కి వాళ్ల దగ్గర మీడియం గ్రిప్ మాత్రమే ఉంది, చిన్నది ఆర్డర్ పెట్టాలన్నారు. ఎల్‌జీ400కి చిన్న గ్రిప్ షాపులోనే ఉంది. పాప వేలి మొదటి కణుపు మధ్యభాగం సరిగ్గా ట్రిగ్గర్ మీద కూర్చుంది. ఉమ గారు చెప్పింది గుర్తొచ్చి అక్కడే తేల్చుకున్నాం. ఎల్‌జీ400 తీసుకుంటున్నాం, కొత్తదే. కిరణ్ గారూ, ఆ సెకండ్ హ్యాండ్ రైఫిల్ సిలిండర్ పదేళ్లకి దగ్గరగా ఉంది, కొత్త సిలిండర్ ఖర్చు కలిపితే పెద్ద తేడా కనబడలేదు, ఏమీ అనుకోకండి.

మిగిలిన డబ్బుతో జాకెట్, ట్రౌజర్ కొలతలు ఇచ్చాం. ఇంక ఒక్క ప్రశ్న. నేషనల్స్‌కి ఢిల్లీ వెళ్లాల్సి వస్తే సిలిండర్‌ని విమానంలో తీసుకెళ్లనిస్తారా?

చెన్నై_శ్రీను

మంచి నిర్ణయం అమ్మా, 800 తీసుకోకపోయినా నాకు సంతోషమే. సిలిండర్‌లో గాలి పూర్తిగా తీసేసి, ఖాళీ అని తెలిసేలా ఉంచి, రైఫిల్‌తో పాటు చెక్-ఇన్ లగేజీలో ఇవ్వాలి. కౌంటర్ దగ్గర ముందే చెప్పండి. టికెట్ బుక్ చేసినప్పుడే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి వాళ్ల రూల్ కనుక్కోండి. అసోసియేషన్ లెటర్, ఎన్‌ఆర్‌ఏఐ ఐడీ, రైఫిల్ బిల్లు జిరాక్సులు చేతి సంచిలో ఉండాలి. వాల్తర్ ఫిల్లింగ్ అడాప్టర్ మర్చిపోకండి, దిగాక రేంజ్‌లో నింపుకోవడానికి అదే కావాలి. ట్రైన్‌లో వెళ్తే కూడా ఆ కాగితాలే.

కడప_సుబేదార్

సిలిండర్‌ని ఎండలో కారులో వదలొద్దు సుధమ్మా, మే నెలలో మరీ. పాప కొత్త జాకెట్ వచ్చాక ఒక ఆదివారం హెబ్బాళ తీసుకురండి. చీక్ పీస్, బట్ సెట్టింగులు అన్నీ చూసి, ఒక్కో స్క్రూ ఎక్కడుందో నోట్‌బుక్‌లో రాయిద్దాం.